అమ్మ రంగు

మూడో అంతస్తు, వంటింటి బల్ల దగ్గర
జనవరి మొదటి వారం

పెద్దవారికి నమస్కారాలు.

నేనెవరో చెప్పుకోవాలంటే కొంచెం ఇబ్బందిగానే ఉంది. మీ అమ్మాయి ఉన్న రోజుల్లో వాళ్ల ఎదురు వాటాలో ఉండేదాన్ని. మీరు ఆవిడని చూడ్డానికి వచ్చినప్పుడు ఒకసారి తలుపు తీసి మంచినీళ్లిచ్చాను. కళ్లద్దాల షాపులో పని చేస్తాను. నిరుటి నుంచి మీ అల్లుడుగారి ఇంట్లో ఉంటున్నాను. బఠాణీ నన్ను పిన్నీ అంటుంది.

ఫోను చేద్దామనుకున్నాను గానీ, మీకు ఫోనులో సరిగా వినపడదని ఆయన చెప్పారు.

ఏప్రిల్లో బఠాణీకి ఏడో పుట్టినరోజు. వాళ్లమ్మ ఉన్నప్పుడు ప్రతి ఏడూ ఒక రంగు అనుకుని, ఆ రంగులోనే పుట్టినరోజు చేసేవారట కదా. మీరు ఆ రంగులో కార్డులు అచ్చు వేసి పంపేవారట, వచ్చేవాళ్లంతా ఆ రంగు బట్టలు వేసుకుని వచ్చేవారట. ఆవిడ పోయాక ఈ ఇంట్లో పుట్టినరోజే చెయ్యలేదు. ఈసారి చేద్దామని నేనే అన్నాను. ఆయన సరేననలేదు, వద్దనీ అనలేదు. లిఫ్టులు బాగుచేసీ బాగుచేసీ, ఇలాంటి మాట వచ్చినప్పుడు రెండు అంతస్తుల మధ్య ఆగిపోవడం ఆయనకీ అలవాటైపోయింది.

"ఏ రంగు కావాలే?" అని బఠాణీని అడిగాను.

"అమ్మ రంగు."

"అంటే ఏ రంగు?"

"అమ్మ రంగు పిన్నీ. తాతకి తెలుసు."

అందుకని మీకు రాస్తున్నాను. నేను అడగడం తప్పయితే ఈ ఉత్తరం అందలేదనుకోండి.

మీ బఠాణీ పిన్ని


అచ్చాఫీసు, మెట్ల కింది గది
జనవరి మూడో వారం

అమ్మా,

మీ ఉత్తరం అందింది. మొదట కళ్లజోడు లేకుండా చదివాను, తర్వాత పెట్టుకుని చదివాను. కళ్లద్దాల షాపు వారికి ఇలాంటి మాట చెప్పకూడదేమో.

ఈ రంగు పుట్టినరోజు అనేది మా అమ్మాయి బుర్రలో పుట్టిన పురుగు. బఠాణీకి మొదటి ఏడు నిండినప్పుడు "నాన్నా, ఎరుపు కార్డు" అంది. వేశాను. ఒకాయన ఇటుక రంగు చొక్కాలో వచ్చాడు. ఒకావిడ గులాబీ రంగులో వచ్చింది. ఎవరిది అసలు ఎరుపు అని ఇద్దరికీ వాదన. మా అల్లుడి పై అధికారి నల్ల కోటులో దిగి, ప్యాంటు కొంచెం పైకి లాగి సాక్సు చూపించాడు. సాక్సు ఎరుపేలెండి.

మరుసటి ఏడు ఇలా కుదరదని, కావలసిన రంగు నమూనా కవర్లో పెట్టి పంపింది. నమూనా ఏమిటనుకున్నారు? కొత్తిమీర ఆకు. నాకు చేరేసరికి అది వాడి, ఎండి, టీ పొడి రంగుకి తిరిగింది. మనకి ఎదురు ప్రశ్నలు వేసే అలవాటు లేదు కదా, టీ పొడి రంగులో ముచ్చటగా వేసి పంపాను. వచ్చినవాళ్లంతా పాపం టీ పొడి రంగులోనే వచ్చారు. ఆ ఫోటో చూస్తే పాత సోఫాలన్నీ కలిసి దిగినట్టుంటుంది. నాకు ఫోనులో వినపడదంటారు గానీ, ఆ రోజు మా అమ్మాయి తిట్టిన ప్రతి తిట్టూ వినపడింది.

మూడో ఏటికి ఇద్దరం తెలివి తెచ్చుకున్నాం. కార్డు మధ్యలో గుండ్రంగా కంత పెట్టాను. "ఈ కంతని మీ బట్టల మీద పెట్టి చూసుకోండి. కంతలో రంగు, కార్డు రంగు కలిసిపోతే మీరు రావచ్చు. కలవకపోతే, అయినా రండి" అని అచ్చు వేశాం. ఆ చివరి మాట మా అమ్మాయిది. అదే ఆఖరి కార్డు.

ఇక అసలు సంగతి. తాతకి తెలుసు అంది కదా. తెలుసు. వంకాయ రంగు. మొదటి జీతంతో కొనుక్కున్న ఉన్ని స్వెట్టరు అది. చూసినవాళ్లు నవ్వితే "నన్ను కూర చెయ్యకండి, చాలు" అనేది. మంచం పట్టాక కూడా అదే. నర్సు విప్పమంటే ఒక చెయ్యి మాత్రం తీసేది. ఇప్పుడది నా కుర్చీ వీపు మీద ఉంది.

దాన్ని పక్కన పెట్టుకునే రంగు కలుపుతాను. ఎరుపూ, నీలమూ, గోటి కొనంత నలుపూ. ఇంకు తడిగా ఉన్నప్పుడు అబద్ధమాడుతుంది, మర్నాటికి ఆరితే గానీ నిజం చెప్పదు. అందుకని వారం ఆగండి, నమూనా కార్డు పంపుతాను.

ఒక్క మాట. తల్లి పోయేసరికి ఆ పిల్లకి నాలుగో ఏడు కూడా నిండలేదు. మరిచిపోతుందనే నా భయం. ఇన్నాళ్లూ అదొక్కటే భయం. రంగు గుర్తుందని మీరు రాశారు. నాకు తిండి సహిస్తోంది.

బఠాణీ తాత


మూడో అంతస్తు, కిటికీ పక్కన
ఫిబ్రవరి

తాతగారికి,

పిల్ల పిలుపే నేనూ వాడుకుంటున్నాను, మరేం అనుకోకండి.

నమూనా వచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని బాల్కనీలోకి వెళ్లారు. కాసేపటికి లోపలికొచ్చి "అదే రంగు" అన్నారు.

బఠాణీ బడి నుంచి రాగానే చేతిలో పెట్టాను. ఇటు తిప్పింది, అటు తిప్పింది, కంతలోంచి నన్ను చూసింది.

"బాగుంది. కానీ ఇది అమ్మ రంగు కాదు."

"తాత కలిపి వేశారే."

"తాత తొందరలో ఇంకోటి వేసుంటాడు."

రంగు పెన్సిళ్ల డబ్బా తెచ్చుకుని పసుపు తీసింది. కాగితం మీద రుద్ది, కాదంది. దాని మీద నారింజ రుద్దింది. కోడిగుడ్డు సొన రంగు వచ్చాక "ఇదీ" అంది.

గోడ మీది ఫోటో చూపించాను. "అమ్మ అక్కడుంది చూడు. పసుపు వేసుకుందా?" అన్నాను. నాకేమీ తెలియదన్నట్టు నా వంక చూసింది. "అది ఫోటోలో అమ్మ పిన్నీ. నేను చెప్పేది ఎత్తుకునే అమ్మ."

ఆ అమ్మ మెడ దగ్గర ముఖం పెట్టుకుంటే మెత్తగా ఉండేదట, కొంచెం గుచ్చుకునేదట, సబ్బు వాసన వచ్చేదట.

మీ అమ్మాయికి పసుపువి ఏవైనా ఉండేవా? ఉంటే దయచేసి రాయండి. పిల్ల రుద్దిన కాగితం జత చేస్తున్నాను. ఇంకో మాట రాయబోయి ఆగాను.

బఠాణీ పిన్ని


అచ్చాఫీసు
ఫిబ్రవరి చివర

అమ్మా,

లేవు. మీరు అడిగినదానికి జవాబు అదీ. ఉత్తరం ఇక్కడితో ఆపితే కాగితం కలిసొచ్చేది, కానీ నా అలవాటు మీకీపాటికి తెలిసే ఉంటుంది.

మా అమ్మాయి బడికెళ్లే రోజుల్లో వానకోటు కొన్నాను. పసుపుది. బండ్లు తోలేవాళ్లకి దూరం నుంచి కనపడుతుందని నా తెలివి. దాన్ని నీటుగా మడిచి సంచిలో పెట్టుకుని, తల మీంచి నీళ్లు కారుతుండగా ఇంటికొచ్చింది.

"కోటేదే?"

"సంచిలో ఉంది. తడవలేదు నాన్నా, చూడు."

"కోటు తడవకూడదని కొన్నానా?"

"అది వేసుకుంటే నేను అరటిపండులా ఉంటాను."

"జలుబు చేస్తుందే."

"చెయ్యనీ. అరటిపండునైతే కాను కదా."

అప్పట్నుంచీ ఒంటి మీద పసుపు పడనిచ్చింది లేదు. మా అమ్మాయీ తల్లి లేని పిల్లే, పెంచింది నేనే. బట్టలన్నీ నా చేత్తో కొన్నవే. నాకు తెలియని రిబ్బను ముక్క కూడా లేదు దానికి. ఆఖరి రోజుల్లో వంకాయ రంగు స్వెట్టరు తప్ప ఇంకోటి వేసుకోలేదు, అది నా కళ్లారా చూశాను.

మరి బఠాణీకి పసుపని ఎవరు చెప్పారు? మిమ్మల్ని అనడం లేదు. అంటున్నానేమో కూడా. బల్ల మీద అచ్చు అక్షరాలు పేర్చేవాడు, పేర్చాక తీసి మార్చుకోవచ్చు. చేతిరాతలో ఆ సౌకర్యం లేదు, అనుకున్నది అనుకున్నట్టు పడిపోతుంది.

స్వెట్టరు పార్సిల్ చేశాను. ఉతకలేదు. పిల్ల ముఖానికి ఆనించండి. బుర్రకి గుర్తు లేకపోయినా చర్మానికి తెలుస్తుంది. దాంతో కూడా గుర్తు రాకపోతే నాకు రాయకండి.

కాదు, రాయండి. మెల్లగా రాయండి.

తాత


మూడో అంతస్తు, వంటింటి బల్ల
మార్చి

తాతగారూ,

మెల్లగా ఎలా రాయాలో తెలియక పది రోజులు ఊరుకున్నాను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

పార్సిల్ బఠాణీయే విప్పింది. స్వెట్టరు తలలోంచి దూర్చుకుంది. చేతులు మోకాళ్ల కిందికి వేలాడుతుంటే ఊపుకుంటూ, ఏనుగులా ఉన్నానా పిన్నీ అని గదంతా తిరిగింది. నేను చూస్తూ ఉన్నాను. తర్వాత దానంతట అదే మీ నమూనా కార్డు తెచ్చి కంతని స్వెట్టరు మీద పెట్టింది. ఎక్కడ కార్డో, ఎక్కడ స్వెట్టరో తెలియలేదు. అంత బాగా కలిసింది.

"భలే కుదిరింది" అంది. "ఎవరిది పిన్నీ ఇది?"

ఆయన అక్కడే ఫ్యాను రెక్క బిగిస్తున్నారు. చేతిలో స్క్రూడ్రైవరు తిరగడం మానేసింది.

ముఖానికి ఆనించాను. వాసన చూసింది. మందుల షాపులా ఉందని, తల తిప్పుకుంది.

ఇప్పుడు ఆ రోజు రాయబోయి ఆగిన మాట. ఆ పసుపు నా శాలువాది.

మీ అమ్మాయి మంచం పట్టిన నెలల్లో నేను షాపు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ పిల్ల మా వాటాలోనే ఉండేది. నా భుజం మీదే నిద్రపోయేది. షాపులో ఏసీకి చలి, అందుకని ఎప్పుడూ ఆ శాలువా కప్పుకునేదాన్ని. దాని కుచ్చులు నోట్లో పెట్టుకుని నమిలేది. మొదట్లో నేను పిల్లని ఎత్తుకోవాలంటే వెనకాడేదాన్ని, తల్లి చూస్తుండగా ఎలా అని. మీ అమ్మాయే పిలిచి చెప్పింది. "నా దగ్గర మందుల వాసన వస్తోందట. నీ దగ్గర సబ్బు వాసనట. నువ్వెత్తుకో, నేనేం అనుకోను." అని, గోడవైపు తిరిగి పడుకుంది.

ఆవిడ పోయాక వీళ్లు ఇల్లు మారిపోయారు. మా పెళ్లి దాకా పిల్ల నన్ను చూడలేదు. ఎత్తుకున్నది నేనని దానికి గుర్తు లేదు. ఎవరో ఎత్తుకున్నారని గుర్తుంది. ఎత్తుకునేది ఎవరు, అమ్మ కదా. అలా అనుకుంది. శాలువా నా పెట్టెలో అడుగున ఉంది. తీసి చూశాను. నమిలిన కుచ్చులు అలాగే గట్టిపడి ఉన్నాయి.

"ఏమండీ, చెప్పెయ్యనా?" అని ఆయన్ని అడిగాను.

"ఏమని?"

"ఆ అమ్మ నేనని. వాళ్లమ్మ కాదని."

"చెప్పి?"

చెబితే ఆ పిల్లకి అమ్మ లేకుండా పోతుంది, దానికున్నది ఆ ఒక్క జ్ఞాపకమే. చెప్పకపోతే మీ అమ్మాయి లేకుండా పోతుంది. నేను ఇంకొకరి ఇంట్లో, ఇంకొకరి జ్ఞాపకంలో కూడా చేరి కూర్చున్నట్టుంది. నాకు ఒళ్లు కంపరంగా ఉంది తాతగారూ.

కార్డు ఏ రంగో మీరు చెప్పండి. వంకాయ రంగు అంటే పిల్లని కూర్చోబెట్టి అంతా చెప్పేస్తాను. మీరేం చెప్పినా చేస్తాను.

మీ
పిన్ని


అచ్చాఫీసు
మార్చి చివర

అమ్మాయీ,

శాలువాలోంచి ఒక పోగు పంపు.

తాత


మూడో అంతస్తు
ఏప్రిల్ మొదట్లో

తాతగారూ,

పోగు జత చేశాను. కుచ్చుల్లోంచి కాకుండా లోపలి అంచు నుంచి తీశాను, అక్కడైతే రంగు వెలిసిపోలేదు.

మీ ఉత్తరం ఒక్క వాక్యమే ఉండేసరికి కవరు దులిపి చూశాను, ఇంకో కాగితం జారిపోయిందేమోనని. ఆయన కూడా దులిపి చూశారు.

"తాత ఏమన్నాడు?" అని బఠాణీ.

"నమూనా పంపమన్నారు."

"చూశావా, నేను చెప్పలా? తొందరలో వేశాడని."

తాత వస్తాడా అని రోజూ అడుగుతోంది. రండి. మీరు ఏ రంగు వేసుకున్నా, వేసుకోకపోయినా పరవాలేదు. ఆ రోజు మీరు పక్కన ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది. ఆయన స్టేషనుకి వచ్చి తీసుకొస్తానన్నారు. అడక్కుండానే అన్నారు.

స్వెట్టరు తిరిగి పంపమంటారా, ఇక్కడ ఉంచుకోమంటారా?

మీ
పిన్ని


అచ్చాఫీసు, మెట్ల కింది గది
ఏప్రిల్ రెండో వారం

అమ్మాయీ,

కార్డుల కట్ట విడిగా పంపాను. పెద్దవాళ్లకి పెద్దవి, బఠాణీ స్నేహితులకి గుండ్రటి మూలలతో చిన్నవి. పిల్లలు మూలలు వంచేస్తారని ముందే కోసేశాను. కంత అలాగే ఉంచాను. మాటలు కూడా అవే. "కలవకపోతే, అయినా రండి."

నీకు ఒక్క వాక్యం రాసి ఊరుకున్నానంటే కోపమనుకోకు. నా జన్మలో ఒక వాక్యంతో ఆగిన ఉత్తరం అదొక్కటే. రాద్దామని కూర్చుంటే రాసినవన్నీ కథలయ్యాయి. ఒకదాంట్లో మా అమ్మాయి అరటిపండంది. ఇంకోదాంట్లో సాక్సుల పెద్దమనిషి వచ్చాడు. నవ్వించేవన్నీ వచ్చాయి గానీ అసలు మాట రాలేదు. చించేశాను.

అసలు మాట ఇది. పిల్లకి చెప్పకు. మూడేళ్ల పిల్లకి కావలసింది ఒక భుజం. మా అమ్మాయి తన భుజం లేవని రోజున నీది అడిగి తీసుకుంది. అడిగి తీసుకున్నప్పుడే అది మా అమ్మాయిదయింది, దాని మీద ఏ రంగు బట్ట ఉంటేనేం. నువ్వు ఎవరి జ్ఞాపకంలోకీ దొంగతనంగా చేరలేదు, పిలిస్తే వెళ్లావు. పెద్దదయ్యాక తనే అడిగితే, అప్పుడు చెప్పు. గోడవైపు తిరిగి పడుకుందన్న మాట మాత్రం అప్పుడూ చెప్పకు.

ఇలా రాస్తే అంతా సరిపోయిందనిపిస్తుంది. సరిపోలేదు. ఆ స్వెట్టరు వాసనకి పిల్ల తల తిప్పుకుందన్నావు. అది చదివిన దగ్గర్నుంచి ఈ గదిలో ఎటు తిరిగి కూర్చోవాలో నాకు తోచడం లేదు.

స్వెట్టరు నాకు పంపెయ్యి. అక్కడ అది ఎవరిదో తెలియని బట్ట. ఇక్కడ నాకు తెలుసు.

నేను రాను. ఈసారి వంక నా చెవి మీద పెట్టను. వస్తే బఠాణీ నా ఒళ్లో కూర్చుని "తాతా, అమ్మకి పసుపంటే ఇష్టం కదూ" అంటుంది. అనకుండా ఉండదు, అది తల్లి పోలిక. ఆ మాట అచ్చు వెయ్యమంటే వేశాను. నోటితో అవునని మాత్రం అనలేను. అనకపోతే మనం ఇంత చేసిందీ పోతుంది. అల్లుడికి చెప్పు, స్టేషనుకి వస్తానన్నాడు, అదే చాలు.

నువ్వు మాత్రం ఆ శాలువా పెట్టెలోంచి తీసి కప్పుకో. పిల్ల నీ భుజం మీద ముఖం పెట్టుకుని ఏమన్నా అననీ. నిన్నేమని పిలిచినా పలుకు.

పని సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను, అచ్చువాడికి అది లేకపోతే ఉత్తరం పూర్తయినట్టుండదు. ఎప్పుడైనా లేత రంగు ముందు వేస్తాం, ముదురు తర్వాత. ఈసారి వరస తిరగబడింది. వంకాయ రంగు వేసిన మిషను మీదే పసుపు వెయ్యాల్సి వచ్చింది. రోలర్లలో పాత రంగు ఆవగింజంత మిగిలినా పసుపు బురదలా వస్తుంది. కిరసనాయిలు పోసి గుడ్డతో తుడిచాను. గుడ్డ వంకాయ రంగైంది. ఇంకో గుడ్డ తీశాను. అదీ అయింది. మళ్లీ పోశాను, మళ్లీ తుడిచాను. పక్క షాపు టైలరు తొంగిచూసి, "ఎందుకయ్యా అంత రుద్దుతావు, కొంచెం ఉంటే ఎవరు చూడొచ్చారు" అన్నాడు. పిల్ల చూస్తుందన్నాను. తెల్లగుడ్డ తెల్లగానే తిరిగి వచ్చేదాకా కడిగాను.

పసుపు శుభ్రంగా వచ్చింది. అంతకు ముందు ఆ మిషను మీద ఇంకో రంగు ఉండేదని, కార్డు చూసి నేను కూడా చెప్పలేను.

తాత